తలుపు చప్పుడు దగ్గర ఆగిపోయిన పాఠం

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. ఇంగ్లిష్ సాహిత్యం ప్రధాన సబ్జెక్టుగా చదువుతున్నాను. మూడు వారాలుగా మా బడి మూసే ఉంది. ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేకపోతున్నారు. క్లాసులో షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నాటకం రెండో అంకం రెండో రంగం దగ్గర ఆగిపోయింది. హత్య జరిగిపోయింది, కోట తలుపు ఎవరో తడుతున్నారు, అంతలో గంట కొట్టేశారు. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల ఇంకా మొదలే పెట్టలేదు. ఈ రెండింటిలో హద్దు మీరిన ఆకాంక్షను పోలుస్తూ ఒక పెద్ద వ్యాసం రాయాలి, దానికి మార్కులున్నాయి. ఇవి కాక కవిత్వం. టీచర్ వారానికోసారి ఫోనుకు ప్రశ్నల కాగితం పంపిస్తారు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది తమ్ముడికీ కావాలి. టీచర్ చదువుతుంటే అర్థమయ్యేది, నేను చదువుకుంటే ఏమీ అర్థం కావడం లేదు. చివరికి సారాంశాలు చదివి రోజులు గడుపుతున్నాను. ఇంట్లో ఇంగ్లిష్ తెలిసినవాళ్లు లేరు. నేను వెనకబడిపోతానా?

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు కావలసిన జవాబు అందులో నువ్వే రాశావు. "టీచర్ చదువుతుంటే అర్థమయ్యేది" అన్నావు. టీచర్ వివరిస్తుంటే అని రాయలేదు, చదువుతుంటే అని రాశావు. క్లాసు ఆగిపోయినప్పుడు నీ దగ్గర పుస్తకం ఉండిపోయింది, గొంతు పోయింది. నీకు కొరవడింది అదే. దాన్ని ఇంట్లో తిరిగి తెచ్చుకోవచ్చు, దానికి ఫోను కూడా అక్కర్లేదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2020లో బడులు మూతపడ్డప్పుడు నేను ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. మొదటి రెండు వారాలు రాత్రింబవళ్లు కూర్చుని నోట్సు టైపు చేసి పిల్లలకు పంపించాను. ప్రతి రంగానికీ సారాంశం, ప్రతి పాత్రకూ స్వభావ వర్ణన. పిల్లలు అవన్నీ భద్రంగా దాచుకున్నారు, నాటకం మాత్రం తెరవలేదు. మూడో వారంలో నోట్సు పంపడం మానేసి, ఒక రంగాన్ని నా గొంతుతో చదివి రికార్డు చేసి పంపాను. ఆ సాయంత్రమే ఒక పిల్లవాడి నుంచి ప్రశ్న వచ్చింది: "ఆవిడ ఇక్కడ ఎందుకు అంత తొందరగా మాట్లాడుతోంది?" రెండు వారాల నోట్సు పుట్టించలేని ప్రశ్న అది.

అందుకని రేపటి నుంచి నువ్వు చేయాల్సిన మొదటి పని, నాటకాన్ని పైకి చదవడం. గదిలో తలుపు వేసుకునో, డాబా మీదకు వెళ్లో, ఎవరూ వినని చోట చదువు. ఉచ్చారణ తప్పుతుందని భయపడకు. షేక్‌స్పియర్ కాలంలో ఆ మాటలు పలికిన తీరు ఇప్పటి ఇంగ్లిష్‌వాళ్ల పలుకు కూడా కాదు. ఒక్కటి మాత్రం పాటించు: పంక్తి అయిపోయిన చోట ఆగకు, విరామ చిహ్నం ఉన్న చోట ఆగు. చాలామందికి ఆ పద్యం అర్థం కాకపోవడానికి సగం కారణం, ప్రతి పంక్తి చివరా ఆగి వాక్యాన్ని ముక్కలు చేసుకోవడమే. వాక్యం మూడు పంక్తులు సాగితే మూడింటినీ ఒకే ఊపిరిలో అందుకో.

మీ క్లాసు ఆగిన రంగాన్నే మళ్లీ తీసుకో. డంకన్ రాజును మాక్‌బెత్ చంపడం వేదిక మీద జరగదు. మనకు కనిపించేది దాని ముందు, వెనక మాత్రమే. మాక్‌బెత్ మెట్లు దిగి వచ్చాక అతనూ, భార్య లేడీ మాక్‌బెతూ ఒక్కొక్క మాటగా మాట్లాడుకుంటారు. ఒకరు ఒక్క పదంతో అడుగుతారు, రెండోవారు ఒక్క పదంతో జవాబిస్తారు. కళ్లతో చదివితే అది చాలా మామూలు సంభాషణ. పైకి చదివితే నీ గొంతు దానంతటదే గుసగుసలోకి దిగుతుంది, ఊపిరి బిగుసుకుంటుంది. భయం అన్న మాట ఎక్కడా వాడకుండానే భయం నీ దాకా వస్తుంది. అచ్చులో కొన్నిచోట్ల ఒకరి మాట పంక్తి మధ్యలో ఆగి, రెండోవారి మాట ఆ కిందే కుడివైపుకు జరిగి మొదలవుతుంది చూడు. రెండూ కలిపి ఒకే పంక్తి. అలాంటి చోట మధ్యలో ఆగకుండా వెంటనే అందుకోవాలి. షేక్‌స్పియర్ నటులకు విడిగా రాసిన సూచనలు చాలా తక్కువ, ఎక్కువగా ఇలా పద్యంలోనే ఇచ్చాడు.

ఇంకో సంగతి కూడా చెవికే తెలుస్తుంది. మన గురులఘువులకు పలకడానికి పట్టే కాలం లెక్క. ఇంగ్లిష్ పద్యానికి ఊనిక, అంటే నొక్కి పలకడం, లెక్క. ఈ నాటకంలో ఎక్కువ పంక్తులకు ఇంచుమించు పది అక్షరాలు ఉంటాయి: ఒకటి తేలికగా, ఒకటి ఊనికతో, అలా ఐదు జతలు. మంత్రగత్తెలు రాగానే ఆ నడక తిరగబడుతుంది. పంక్తి పొట్టిదవుతుంది, ఊనికతోనే మొదలవుతుంది, అంత్యప్రాస పడుతుంది. వాళ్లు ఈ లోకపు మనుషులు కారని పద్యమే చెప్పేస్తుంది. ఐదో అంకం మొదటి రంగానికి వచ్చేసరికి నిద్రలో నడుస్తున్న లేడీ మాక్‌బెత్ పద్యం వదిలేసి గద్యంలో మాట్లాడుతుంది. అంతకు ముందు ఎంత బిగువైన పద్యం మాట్లాడిందో నీ నోటికి గుర్తుంటే, ఆ గద్యం వినగానే ఆవిడ లోపల ఏం విరిగిపోయిందో నీకు తెలుస్తుంది. పరీక్షలో గద్యానికీ పద్యానికీ తేడా గురించి బట్టీపట్టిన వాక్యం ఎన్ని మార్కులు తెస్తుందో నేను చెప్పలేను. ఇలా విని రాసిన వాక్యాన్ని మాత్రం దిద్దేవాళ్లు వెంటనే గుర్తుపడతారు.

ఇక లెక్క చూద్దాం. చాలా ప్రచురణల్లో నీకు మిగిలినవి 19 రంగాలు: రెండో అంకంలో రెండు, మూడో అంకంలో ఆరు, నాలుగో అంకంలో మూడు, ఐదో అంకంలో ఎనిమిది. రోజుకొకటి చదివితే మూడు వారాల లోపే నాటకం ముగుస్తుంది. ఐదో అంకంలోవి చాలా చిన్నవి, ఒకే రోజు రెండు మూడు చదవవచ్చు. నాలుగో అంకం మూడో రంగం మాత్రం నాటకం మొత్తంలో పెద్దది, నిదానంగా సాగుతుంది. నా విద్యార్థులు చాలామంది అక్కడే పుస్తకం మూసేవాళ్లు. దాన్ని రెండు రోజులకు పంచుకో. దాని చివరలో మాక్‌డఫ్ అనే ప్రభువుకు అందే వార్త కోసమైనా ఓపిక పట్టు.

సారాంశాలు మానెయ్యమని చెప్పను. వాటి చోటు మార్చు. ముందు రంగాన్ని పైకి చదువు. తర్వాత పుస్తకం మూసి, నీకు అర్థమైనది మూడు వాక్యాల్లో రాసుకో. తెలుగులో రాసినా పరవాలేదు. ఆ తర్వాత సారాంశం చూడు. అప్పుడది నీ మాటను సరిచూసే పని చేస్తుంది. ముందే చదివితే నీ కళ్లు ఇక నాటకంలో ఆ సారాంశాన్నే వెతుకుతాయి, మిగతాది కనిపించదు.

ఇంట్లో ఇంగ్లిష్ తెలిసినవాళ్లు లేరని రాశావు. సాహిత్యం తెలిసినవాళ్లు లేరని దానర్థం కాదు. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు రంగం కథను తెలుగులో చెప్పు. మీ అమ్మగారికో నాయనమ్మగారికో చెప్పు. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకో. "పెద్దాయన, పైగా ఇంటికి వచ్చిన అతిథి, ఆయన్ని చంపడానికి వాడికి చేతులెలా వచ్చాయి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మొదటి అంకం ఏడో రంగంలో మాక్‌బెత్ తనను తాను ప్రశ్నించుకున్నది సరిగ్గా అదే. నేను ఆయన బంధువును, ప్రజను, పైగా ఆతిథ్యమిచ్చేవాణ్ని, తలుపు కాయాల్సిన నేనే కత్తి పట్టడమేమిటి అనుకుంటాడు. ఇంగ్లిష్ రాని మనిషి అడిగిన ప్రశ్న నేరుగా నాటకం నడిమధ్యకు వెళ్లిందంటే, అది అడ్డదారి కాదు, రాజమార్గమే. అయితే ఒక జాగ్రత్త. ప్రతి పంక్తినీ తెలుగులోకి అనువదించే పని పెట్టుకోకు. కథ తెలుగులో చెప్పు, మాటలు ఇంగ్లిష్‌లోనే నోట నానని.

క్లాసులో గొంతు తర్వాత దొరికే రెండో మేలు, ఇంకొకరు నీతో విభేదించడం. దాన్ని ఏ కాగితమూ ఇవ్వలేదు. ఒక స్నేహితురాలితో మాట్లాడి పెట్టుకో. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు, మామూలు ఫోను మాటలు చాలు, వీడియో అక్కర్లేదు. ఇద్దరూ అదే రంగం చదివి, చెరొక పంక్తి ఎంచుకుని రావాలి. ఆ పంక్తినే ఎందుకు ఎంచుకున్నావని ఒకరినొకరు అడగాలి. ఒప్పుకోవాలన్న తొందర వద్దు. ఇద్దరికీ కుదరని చోటే వ్యాసానికి పనికివచ్చే ఆలోచన పుడుతుంది.

ఇప్పుడు నవల. మొదలుపెట్టే ముందు ఒక విషయం మీ టీచర్‌ను తప్పకుండా అడుగు: మనం చదవాల్సింది 1818 ప్రచురణా, 1831 ప్రచురణా? మేరీ షెల్లీ ఈ నవలను 1818లో పేరు లేకుండా ప్రచురించింది, 1831లో చాలాచోట్ల మార్చి రాసింది. మొదటిది మూడు సంపుటాలు, ప్రతి సంపుటంలోనూ అధ్యాయాల సంఖ్య మళ్లీ ఒకటితో మొదలవుతుంది. రెండోదానిలో వరుసగా 24 అధ్యాయాలు. కథానాయకుడు విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తయారుచేసిన ప్రాణి కళ్లు తెరిచే ఘట్టం 1831 పుస్తకంలో ఐదో అధ్యాయం, 1818 పుస్తకంలో మొదటి సంపుటం నాలుగో అధ్యాయం. కథలో కూడా మార్పులున్నాయి: మొదటిదానిలో ఎలిజబెత్ విక్టర్‌కు మేనత్త కూతురు, రెండోదానిలో వాళ్లు తెచ్చి పెంచుకున్న అనాథ. క్లాసులో అందరి చేతిలో ఒకే పుస్తకం ఉన్నప్పుడు ఈ చిక్కు రాదు. ఇంట్లో ఎవరికి దొరికింది వాళ్లు దించుకున్నప్పుడే వస్తుంది. ఒకటి చదివి ఇంకొకదాని మీద ప్రశ్నలకు జవాబు రాస్తూ కంగారుపడిన పిల్లల్ని చూశాను.

పుస్తకం కొనాల్సిన పని లేదు. కాపీహక్కుల కాలం తీరిన రచనలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన గ్రంథాలయం అది. ఈ నవల రెండు ప్రచురణలూ అక్కడున్నాయి. బొమ్మలు లేని పాఠం దించుకుంటే నవల మొత్తం అర మెగాబైటుకు మించదు, ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అంత కూడా ఉండదు. నాటకం పంక్తి సంఖ్యలతో కావాలంటే ఫోల్జర్ షేక్‌స్పియర్ గ్రంథాలయం ఉచితంగా ఇస్తోంది. చదివి వినిపించేవాళ్లు కావాలంటే లిబ్రివాక్స్ ఉంది. 2005 నుంచి స్వచ్ఛందంగా చదివేవాళ్లు అక్కడ పాత పుస్తకాలకు గొంతునిస్తున్నారు. కంటికి పుస్తకం, చెవికి ఆ గొంతు, రెండూ కలిపి పట్టుకో. తమ్ముడికి ఫోను అవసరం లేని అరగంటలో ఇవన్నీ దించుకుంటే తర్వాత నెట్ అవసరమే ఉండదు. టీచర్ పంపిన ప్రశ్నలు కాగితం మీదకు ఎక్కించుకుని ఫోను వాడికిచ్చెయ్.

నవల మొదట్లో నాలుగు ఉత్తరాలుంటాయి. మంచు సముద్రం వైపు ఓడ ప్రయాణం కట్టిన వాల్టన్ తన అక్కకు రాసినవి. వాటిని దాటవేసి కథలోకి దూకాలనిపిస్తుంది. దూకకు. వాల్టన్ కూడా ఎవరూ వెళ్లని చోటికి వెళ్లాలనే ఆకాంక్షతో బయలుదేరినవాడే. నీ వ్యాసాంశానికి మొదటి సాక్షి ఆ ఉత్తరాల్లోనే ఉన్నాడు. పైగా ఇది కథలో కథ, దానిలో ఇంకో కథ. వాల్టన్ తన అక్కకు రాస్తుంటాడు, విక్టర్ వాల్టన్‌కు చెబుతుంటాడు, ఆ ప్రాణి విక్టర్‌కు చెబుతుంటుంది. ప్రతి అధ్యాయం పైన పెన్సిలుతో రెండు పేర్లు రాసుకో: ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

వ్యాసం కోసం విడిగా ఒక నోటుపుస్తకం పెట్టు. ఎడమ పేజీలో ఒక పంక్తి, చేత్తో రాసినది, అంకం, రంగం సంఖ్యలతో. కుడి పేజీలో నీ మాట. ఆ మాట ప్రశ్నయినా, అనుమానమైనా, కోపమైనా సరే. రెండో అంకంలో లేడీ మాక్‌బెత్ కాసిని నీళ్లతో ఈ పని మరక పోతుందంటుంది. ఐదో అంకంలో నిద్రలో చేతులు రుద్దుకుంటూ పోవడం లేదని ఏడుస్తుంది. ఈ రెండూ నీ ఎడమ పేజీల్లో ఎదురెదురుగా పడిన రోజున నీకు ఎవరి విమర్శ గ్రంథమూ అక్కర్లేదు.

పోలిక ఎలా ఉండాలో ఒక్క ఉదాహరణ చెబుతాను. మాక్‌బెత్, విక్టర్ ఇద్దరికీ ఆకాంక్ష ఉంది, ఇద్దరూ నాశనమయ్యారు అని రాస్తే అది పోలిక కాదు, జాబితా. చేసిన పని తర్వాత ఇద్దరి నిద్రనూ చూడు. హత్య చేసి వచ్చిన మాక్‌బెత్ నిద్రనే చంపేశానంటాడు, ఇక నిద్రపోలేనని అతనికి అప్పుడే తెలుసు. తాను చేసిన ప్రాణి కళ్లు తెరవగానే విక్టర్ పారిపోయి పడకగదిలో నిద్రలోకి జారుకుంటాడు. ఆ నిద్రలో పీడకల వస్తుంది. ఒకడు చేయబోయేది తప్పని ముందే తెలిసి చేశాడు, కనుక తప్పించుకునే చోటు లేదు. ఇంకొకడు చేసేటప్పుడు ఆలోచించలేదు, చేశాక కళ్లు మూసుకుంటే పోతుందనుకున్నాడు. ఆకాంక్ష ఒకటే, అపరాధభావం వేరు. ఇది నేను కనిపెట్టుకున్న పోలిక, నీ వ్యాసంలో పెట్టకు. చేతులు, తలుపులు, తండ్రులు, వాతావరణం, ఇలా ఏదో ఒక చిన్న వస్తువు పట్టుకుని రెండు పుస్తకాల్లోనూ వెతికితే నీది నీకు దొరుకుతుంది.

టీచర్‌కు రాసేటప్పుడు "అర్థం కాలేదు" అని రాయకు. పాపం, అంత దూరం నుంచి ఆవిడ ఏం చెప్పగలరు? అంకం, రంగం, పంక్తి మొదటి మాటలు, నేనేమనుకున్నాను, ఎక్కడ అనుమానం వచ్చింది, ఇలా నాలుగు వాక్యాలు రాయి. పంక్తి సంఖ్యలు ప్రచురణను బట్టి మారతాయి కనుక మొదటి మాటలు ఇవ్వడం మంచిది. వ్యాసం పూర్తయ్యాక కాకుండా, ఒక్క పేరా రాసినప్పుడే పంపి అభిప్రాయం అడుగు. పేరా దిద్దడానికి ఏ టీచర్‌కైనా సమయం దొరుకుతుంది.

కవిత్వానికి పెద్ద ప్రణాళిక వద్దు. రోజుకొక చిన్న కవిత చాలు. తమ్ముణ్ని ఒక పని అడుగు: నువ్వు చూడకుండా కవితను కాగితం మీద రాసి, నాలుగైదు చోట్ల ఒక్కొక్క మాట వదిలెయ్యమను. ఆ ఖాళీల్లో ఏం వస్తుందో నువ్వు ఊహించి రాయి. తర్వాత కవి వాడిన మాట చూడు. నీ మాట ఎందుకు చాలలేదో, లేదా ఎందుకు సరిపోయిందో ఆలోచించడమే పద ప్రయోగం మీద ప్రశ్నకు సాధన. సానెట్ అయితే 14 పంక్తుల్లో ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో గీత గియ్యి.

సినిమా చూడవచ్చా అని అడగబోతావు. చూడు, కానీ రంగం చదివాక చూడు. దర్శకుడు ఏం వదిలేశాడో నీకే తెలుస్తుంది.

బడి రోజులాగా ఆరు గంటలు కూర్చోవాలని ప్రయత్నించకు. ముప్పావు గంట పైకి చదవడం, అరగంట రాయడం, ఈ సబ్జెక్టుకు అంతే చాలు. ఒకరోజు చేయలేకపోతే మర్నాడు రెండు రోజుల పని నెత్తిన వేసుకోకు. ప్లేగు రోజుల్లో నాటకశాలలు మూతపడినప్పుడు షేక్‌స్పియర్ గొప్ప కావ్యాలు రాశాడనీ, 1816లో వేసవి రాని ఏడాది వానలకు ఇంట్లో చిక్కుకుని మేరీ షెల్లీ ఈ నవల మొదలుపెట్టిందనీ చెప్పి, నువ్వేం చేస్తున్నావని అడిగేవాళ్లు ఉంటారు. 1592లో లండన్ నాటకశాలలు మూసేశాక 1593, 1594ల్లో ఆయన కావ్యాలు రెండు అచ్చయిన మాట నిజమే. మేరీకి అప్పటికి పద్దెనిమిదేళ్లన్నదీ నిజమే. దాన్ని నీ మీద బరువుగా పెట్టడం మాత్రం అన్యాయం. ఆవిడ పక్కన ఆ రోజుల్లో రాత్రంతా కథలు చదువుకుంటూ వాదించుకునే మనుషులున్నారు. నీకు ఇప్పుడు లేనిది అదే, అందుకే ఆ ఫోను స్నేహితురాలి మాట అంత గట్టిగా చెప్పాను.

వెనకబడతానా అని అడిగావు. మార్కుల మాట ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ 19 రంగాలూ నీ గొంతుతో ఒకసారి వెళ్లినట్లయితే, క్లాసు మళ్లీ మొదలైన రోజున టీచర్ అడిగే ప్రశ్నకు నీ దగ్గర నీదైన మాట ఉంటుంది. అది మాత్రం ఖాయంగా చెప్పగలను.

రేపు రెండో అంకం మూడో రంగం తెరువు. తలుపు ఇంకా చప్పుడవుతూనే ఉంటుంది. తియ్యాల్సిన కాపలావాడు తాగి ఉన్నాడు, తనను నరకద్వార పాలకుడిగా ఊహించుకుంటూ గద్యంలో ఏదో మాట్లాడుతూ తీరిగ్గా వస్తాడు. లోపల రాజు చనిపోయి ఉన్నాడని మనకు తెలుసు, వాడికి తెలియదు. ఆ మాటలు వీలైనంత నెమ్మదిగా చదువు, ప్రతి తలుపు చప్పుడుకూ బల్ల మీద నువ్వే కొట్టు. చివరికి తలుపు తీశాక లోపలికి వచ్చే ఇద్దరిలో మొదటివాడి పేరు నోటుపుస్తకంలో రాసుకుని, పక్కన ఖాళీ వదిలిపెట్టు. ఐదో అంకం ముగించిన రోజున ఆ ఖాళీలో ఏం రాశావో నాకు ఉత్తరం రాయి.